పోస్టు లేని వాయిద్యం.. చోటు వెతికిన పన్నాలాల్

చేతిలో సర్టిఫికెట్ లేదు. వచ్చిన విద్యకు ఎక్కడా ఉద్యోగం లేదు. అయినా 17 ఏళ్ల కుర్రాడు మహానగరంలో నిలదొక్కుకున్నాడు. సినిమా హాలు, స్టూడియో, రేడియో.. ఎక్కడ కాస్త చోటు దొరికితే అక్కడ వాయించాడు. పశువుల కాపరుల పిల్లనగ్రోవికి హిందుస్థానీ కచేరీలో పీట వేయించిన పన్నాలాల్ ఘోష్ కథ ఇది. ఉద్యోగాల వేటలో ఉన్న మీరు ఒకసారి తెలుసుకోవాల్సిన కథ.

నోటిఫికేషన్ పడిందనగానే మీరు ముందు చూసేది అర్హతల కాలమ్. డిగ్రీ సరిపోతుందా, వయసు దాటిపోయిందా, మన సబ్జెక్టుకు పోస్టులు ఎన్ని.. ఇవే కదా లెక్కలు! ఆ కాలమ్‌లో ఎప్పటికీ కనిపించని విద్య మీలో చాలామందికి ఒకటి ఉంటుంది. ఒకరు బొమ్మలు వేస్తారు. ఒకరు డప్పు వాయిస్తారు. ఇంకొకరు వేణువు ఊదుతారు. ఇంట్లోవాళ్లు దాన్ని హాబీ అంటారు. మీరూ క్రమంగా అలాగే అనడం మొదలుపెడతారు.

ఈమధ్య వేణువు నేర్చుకున్న కుర్రాళ్లు కొందరు కచేరీ హాలు కోసం ఎదురుచూడటం లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఫ్లైఓవర్ కింద, కాలేజీ మెట్ల దగ్గర నిలబడి వాయించి ఫోన్‌లో రికార్డు చేస్తున్నారు. కాంక్రీటు గోడలకు తగిలి తిరిగొచ్చే నాదం వినడానికి బాగుంటుంది కూడా. చూసేవాళ్లకు ఇదంతా కొత్త ఫ్యాషన్‌లా అనిపించొచ్చు. కానీ తనకంటూ వేదిక లేని వాయిద్యం పట్నంలో దొరికిన చోటల్లా దూరి బతకడం పాత సంగతే. మైకు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో కలకత్తాలో ఒకాయన ఆ పని చేశారు. ఈరోజు మీరు వినే పొడవాటి బాన్సురీ వెనక ఉన్నది ఆయనే.

బరిశాల్ నది ఒడ్డున..

పన్నాలాల్ ఘోష్ 1911 జులైలో తూర్పు బెంగాల్‌లోని బరిశాల్‌లో పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. అసలు పేరు అమల్‌జ్యోతి. పన్నాలాల్ ముద్దుపేరు. చివరికి లోకానికి మిగిలింది ఆ ముద్దుపేరే. తండ్రి అక్షయ్‌కుమార్ ఘోష్ సితార్ బాగా వాయించేవారు. పిల్లవాడికి తొలి పాఠాలు ఆయన దగ్గరే. రాగం, తాళం అంటే ఏమిటో ఇంట్లోనే తెలిసింది.

బరిశాల్ నదుల ఊరు. ఎటు చూసినా నీళ్లు, పడవలు, వెదురు పొదలు. పశువులు కాసే పిల్లల చేతుల్లో చిన్న చిన్న పిల్లనగ్రోవులు. పన్నాలాల్ చేతికి వచ్చింది కూడా ముందు అలాంటిదే. సితార్ మీద తండ్రి నేర్పిన సంగతుల్ని ఆ వెదురు ముక్క మీద పలికించడానికి ప్రయత్నించేవారట. తొమ్మిదేళ్ల వయసులో నదిలో ఈదుతుంటే పొడవాటి వెదురు కర్ర ఒకటి తేలుతూ దొరికిందనీ, అది సగం వేణువు, సగం చేతికర్ర అనీ ఒక కథ చెబుతారు. ఒక సాధువు తన వేణువు ఇచ్చి, సంగీతమే నీకు దారి అని దీవించాడని ఇంకో కథ. పెద్ద కళాకారుల చుట్టూ ఇలాంటి కథలు అల్లుకోవడం మామూలే కాబట్టి వీటిని కథలుగానే వినండి. మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. తండ్రి నేర్పింది సితార్, కొడుకు మనసు పడింది వేణువు. ఒక వాయిద్యం పాఠాన్ని ఇంకో వాయిద్యానికి మార్చుకునే పని చిన్నప్పుడే మొదలైంది.

ఆ రోజుల్లో వేణువు పరిస్థితి ఎలా ఉండేదో కూడా తెలియాలి. దక్షిణాదిలో కర్ణాటక కచేరీలో వేణువుకు అప్పటికే చోటుంది. ఉత్తరాది శాస్త్రీయ సంగీతంలో అలా కాదు. అక్కడ గాయకులకు పెద్దపీట, ఆ తర్వాత సితార్, సరోద్, బీన్. కృష్ణుడి చేతిలో వేణువుకు దండం పెట్టేవాళ్లు కానీ, రెండు గంటలు రాగం వాయించే వాయిద్యంగా దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. జానపదం, నాటకాలు, జాతర్లు.. దాని బతుకు అక్కడే. మీ భాషలో చెప్పాలంటే ఆ కోర్సుకు ప్లేస్‌మెంట్లు లేవు.

కూడు పెట్టింది బాక్సింగ్

1920ల చివర్లో బెంగాల్ కుర్రాళ్లలో స్వాతంత్య్రోద్యమం వేడి బాగా ఉంది. వ్యాయామశాలలు, అంటే మన దగ్గర తాలింఖానాల్లాంటివి, దేహదారుఢ్యానికే కాకుండా దేశభక్తికీ అడ్డాలు. పన్నాలాల్ అక్కడ చేరి కర్రసాము, బాక్సింగ్ నేర్చుకున్నారు. బాక్సింగ్‌లో ఛాంపియన్ అయ్యారు. ఉద్యమంలో తిరుగుతున్నాడని బ్రిటిష్ పోలీసుల కన్ను పడింది. ఊళ్లో ఉంటే ప్రమాదం, బతుకుతెరువూ వెతుక్కోవాలి. అలా 1928 ప్రాంతంలో, 17 ఏళ్ల వయసులో కలకత్తా చేరారు.

ఆ ఊహ చేసుకోండి. లక్షల జనం ఉన్న నగరం. తెలిసినవాళ్లు తక్కువ. చూపించడానికి డిగ్రీ లేదు. వేణువు వాయిస్తానంటే ఎవరూ జీతం ఇవ్వరు. ఆయన దగ్గరున్న ఒకే ఒక్క గుర్తింపు బాక్సింగ్ ఛాంపియన్ అన్నది. దాంతోనే ఒక అథ్లెటిక్ క్లబ్‌లో కోచ్‌గా పనికి కుదిరారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మీలో చాలామందిని వేధించే ప్రశ్న ఇదే కదా: ఇష్టమైన పని చేయాలా, జీతం వచ్చే పని చేయాలా? పన్నాలాల్ ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ కూర్చోలేదు. కూటికి బాక్సింగ్ నేర్పారు, వేణువును మాత్రం పక్కన పెట్టలేదు. ఆ వ్యాయామం ఆ తర్వాత పనికొచ్చే ఉంటుంది కూడా. పెద్ద వేణువులో కింది స్వరాలు నిలకడగా పలకాలంటే ఊపిరి మీద పట్టు కావాలి. గంటల తరబడి చేతులు అడ్డంగా ఎత్తిపట్టుకోవాలంటే భుజాల్లో బలం కావాలి.

తెర ముందు వాయించిన రోజులు

కలకత్తాలో సంగీతంతో ఆయన సంపాదించిన తొలి చోట్లలో ఒకటి మూకీ సినిమా హాలు. మూకీ అంటే మాట లేని సినిమా. తెర మీద బొమ్మలు కదులుతుంటే తెర దగ్గర వాద్యబృందం కూర్చుని సన్నివేశానికి తగ్గట్టు వాయించేది. తగువు వస్తే వేగంగా, విరహం వస్తే మెల్లగా. ప్రొజెక్టర్ చప్పుడు, జనం కేకలు, ఈలలు.. వీటన్నిటి మధ్య వినపడాలి. మైకు లేదు. రిహార్సల్‌కు టైమూ అంతంత మాత్రమే. అలాంటి బృందాల్లో పన్నాలాల్ పనిచేశారు.

ఇదేం కచేరీ అని ముఖం తిప్పుకునే పండితులు ఆ రోజుల్లో ఉన్నారు. కానీ పని నేర్పడంలో ఆ హాలు మంచి బడే. ఎదుట ఉన్న బొమ్మను చూసి అప్పటికప్పుడు స్వరం అల్లాలి. పక్కవాళ్ల వాయిద్యానికి అడ్డం పడకూడదు. టికెట్టు కొన్నవాడు విసుక్కోకూడదు. తర్వాత సినిమాలకు సంగీతం చేసినప్పుడు, రేడియోలో వాద్యబృందాన్ని నడిపినప్పుడు పన్నాలాల్‌కు కావాల్సినవి సరిగ్గా ఇవే.

ఇంతలో ఆ ఉద్యోగాలే ఎగిరిపోయే కాలం వచ్చింది. 1931 మార్చిలో బొంబాయిలో ఆలం ఆరా విడుదలైంది. అదే ఏడాది బెంగాలీ టాకీ వచ్చింది. 1932లో మన భక్త ప్రహ్లాద తెలుగులో మాట్లాడింది. సినిమాకు నోరు రాగానే హాల్లో వాయించేవాళ్లతో పని లేకుండా పోయింది. ఒక యంత్రం వచ్చి బృందాలకు బృందాలనే ఇంటికి పంపింది. కృత్రిమ మేధ వచ్చి మన ఉద్యోగాలు తీసుకుపోతుందేమోనని మీరు ఇవాళ మాట్లాడుకుంటున్నారే, అచ్చం అలాంటి సందర్భమే అది.

అయితే అదే యంత్రం ఇంకో తలుపు తెరిచింది. సంగీతం హాల్లోంచి స్టూడియోలోకి వెళ్లింది. స్టూడియోలో మైకు ఉంది. బృందంలో అందరికంటే మెల్లగా పలికే వాయిద్యానికి మైకు ఎంత పెద్ద వరమో ఆలోచించండి. వేణువు మంద్రస్థాయిలో చాలా మృదువుగా పలుకుతుంది. పెద్ద హాల్లో పది వాయిద్యాల మధ్య ఆ నాదం నాలుగో వరస దాటదు. మైకు దగ్గరగా పెడితే మాత్రం అది తబలాతో, సారంగితో సమానంగా వినపడుతుంది. ఊపిరి తీసే చప్పుడు కూడా వినపడుతుంది, అది వేరే సంగతి!

బి.ఎన్.సర్కార్ 1931లో మొదలుపెట్టిన న్యూ థియేటర్స్ అప్పట్లో కలకత్తాలో పేరున్న స్టూడియో. అక్కడ సంగీత దర్శకుడు రాయ్‌చంద్ బోరాల్ దగ్గర పన్నాలాల్ 1930ల మధ్యలో చేరారు. టాకీలు వచ్చిన తొలినాళ్లలో నటులే సెట్లో నిలబడి పాడేవారు. వాయిద్యకారులు కెమెరాకు కనపడకుండా సెట్టు చాటున, చెట్టు చాటున నక్కి వాయించేవారు. 1935లో అదే న్యూ థియేటర్స్ ధూప్ ఛావ్ సినిమాలో పాటను ముందే రికార్డు చేసి, తర్వాత నటుల చేత పెదాలు కదిలించింది. హిందీ సినిమాలో ప్లేబ్యాక్‌కు అదే మొదలని చెబుతారు. ఆ పాట పాడిన గొంతుల్లో ఒకటి పారుల్ ఘోష్‌ది. ఆమె ఎవరో కాదు, పన్నాలాల్ భార్య. పారుల్ అన్నయ్య అనిల్ బిశ్వాస్ తర్వాత హిందీ సినిమా సంగీతంలో పెద్ద పేరు. ఆయనదీ బరిశాలే. పన్నాలాల్‌కు బావమరిది, స్నేహితుడు కూడా. ఒకరికి పని దొరికితే ఇంకొకరిని పిలిచే బంధం అది. ఊరి స్నేహాలను ఊళ్లోనే వదిలేయకండని పెద్దలు చెప్పేది ఇందుకే.

బొమ్మలమ్మే తాత సాయం

ఇక ఈ కథలో అసలు ఘట్టం. వాయిస్తున్నకొద్దీ పన్నాలాల్‌కు ఒక సంగతి తెలిసొచ్చింది. చిన్న వేణువుతో పాటకు అందం తేవచ్చు కానీ రాగాన్ని పూర్తిగా నిలబెట్టడం కష్టం. దాని గొంతు సన్నగా, పైన పైన పలుకుతుంది. ఖయాల్ గాయకుడు రాగాన్ని కింది స్వరాల్లో మెల్లగా మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతాడు. ఆ మంద్రస్థాయి గాంభీర్యం చిన్న వెదురుకు అందదు. అంటే లోపం వాయించేవాడి సాధనలో లేదు, పరికరం కొలతలోనే ఉంది.

గొట్టం పొడవు పెరిగితే శ్రుతి తగ్గుతుంది, నాదం లావవుతుంది. సూత్రం ఇంతే. కానీ పొడవు పెంచితే రంధ్రాల మధ్య దూరం కూడా పెరుగుతుంది. వేళ్లు అందవు. లావు గొట్టానికి ఊపిరి ఎక్కువ కావాలి. రంధ్రం ఒక్క నూలు అటూ ఇటూ అయినా స్వరం తప్పుతుంది. అలాంటి వేణువు అప్పటికి అంగళ్లలో దొరకదు. తయారుచేసేవాడు కావాలి.

ఆయనకు దొరికినవాడు ఒక ముసలి ముస్లిం వ్యాపారి. వీధిలో పిల్లల బొమ్మలు అమ్ముకునేవాడు, వేణువులు చేయడంలో చేయి తిరిగినవాడు. పన్నాలాల్ అతనితో కలిసి కూర్చుని ప్రయోగాలు చేశారు. లోహపు గొట్టాలతో చేసి చూశారు. రకరకాల కర్రలతో చేసి చూశారు. చివరికి వెదురే నయమని తేల్చుకున్నారు. కొలత 32 అంగుళాల దగ్గర కుదిరింది. హార్మోనియంలో రెండో నల్ల మెట్టు దాని శ్రుతి.

ఆ పేరు తెలియని తాతను గుర్తుపెట్టుకోండి. హిందుస్థానీ సంగీతంలో ఇంత పెద్ద మార్పు యూనివర్సిటీలోనో, రాజుగారి ఆస్థానంలోనో పుట్టలేదు. పట్నపు వీధిలో బొమ్మలు అమ్ముకునే మనిషి చేతి నేర్పు, అతని పక్కన కూర్చోవడానికి నామోషీ పడని కళాకారుడి అవసరం.. ఈ రెండూ కలిసి పుట్టించాయి. మీ పనికి కావాల్సిన సాయం కూడా పెద్ద పెద్ద బోర్డుల వెనకే ఉండాలని లేదు. వెల్డింగ్ షాపులో ఉండొచ్చు, సెల్‌ఫోన్ రిపేరు కొట్టులో ఉండొచ్చు.

అంత పొడవు వేణువు మీద వేళ్లు పరవడం చూసి జనం నమ్మలేకపోయారు. వేళ్ల మధ్య చర్మాన్ని ఆపరేషన్ చేయించి కోయించుకున్నాడని పుకారు పుట్టింది. అదేమీ జరగలేదు. చేసిందల్లా సాధన. వేళ్లు ఆ దూరానికి అలవాటు పడేదాకా చేశారంతే. తర్వాత ఆరు స్వర రంధ్రాలకు తోడు ఏడోది కూడా చేర్చారు. తీవ్ర మధ్యమం, మన లెక్కలో ప్రతి మధ్యమం, అందుకోవడానికి అది పనికొచ్చింది. మన కల్యాణికి దగ్గరగా ఉండే యమన్ లాంటి రాగాలకు ప్రాణం ఆ స్వరమే. ఇలా ఒక్కో ఇబ్బందినీ ఒక్కో మార్పుతో తొలగించుకుంటూ పోయారు. గాయకుడి గొంతులా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ వెళ్లడం, ఆలాపన తీరిగ్గా చేయడం వేణువుకు ఇక సాధ్యమయ్యాయి.

సంపాదన మొదలయ్యాక కూడా విద్యార్థే

స్టూడియోలో పని, నెల తిరిగేసరికి డబ్బు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. పన్నాలాల్ అప్పుడు గురువును వెతుక్కున్నారు. హార్మోనియం విద్వాంసుడు ఉస్తాద్ ఖుషీ మహమ్మద్ ఖాన్ దగ్గర శిష్యరికం చేశారు. అది ఎక్కువ కాలం సాగకుండానే గురువు కన్నుమూశారు. తర్వాత గిరిజాశంకర్ చక్రవర్తి దగ్గర నేర్చుకున్నారు. చూడండి, ఒకరిది హార్మోనియం, ఇంకొకరిది గాత్రం. వేణువు నేర్పే గురువు దొరకలేదని ఊరుకోలేదు. రాగం ఎవరికి తెలిస్తే వాళ్ల దగ్గరకు వెళ్లి, దాన్ని ఇంటికొచ్చి వెదురు మీదికి మార్చుకున్నారు. చిన్నప్పుడు తండ్రి సితార్ దగ్గర చేసిందీ ఇదే కదా.

1938లో సరైకెలా ఛావ్ నృత్యబృందంతో కలిసి యూరప్ వెళ్లారు. ముసుగులు వేసుకుని ఆడే ఆ నాట్యానికి ఆయన సంగీతం అందించారు. బరిశాల్ కుర్రాడు పదేళ్లలో యూరప్ వేదికల దాకా చేరారు.

ఇంకో మెట్టు 1947లో. అప్పటికి ఆయన వయసు 36. బొంబాయిలో సంగీత దర్శకుడిగా పేరొచ్చింది, వేణువు విద్వాంసుడిగా గౌరవం ఉంది. అయినా మైహర్ వెళ్లి ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ ముందు శిష్యుడిగా కూర్చున్నారు. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్‌లను తీర్చిదిద్దిన గురువు ఆయన. కోప్పడటంలోనూ పేరున్నవారే. పేరొచ్చిన మనిషి మళ్లీ మొదటి పాఠం దగ్గర కూర్చోవడం ఎంత కష్టమో, ఉద్యోగం చేస్తూ సర్టిఫికెట్ కోర్సు చదివినవాళ్లను అడిగితే చెబుతారు.

బొంబాయి.. లాభమూ, లోటూ

1940లో పన్నాలాల్ బొంబాయి వెళ్లారు. ఆ ఏడాదే స్నేహ్ బంధన్ సినిమాకు సంగీత దర్శకత్వం చేశారు. 1942లో బాంబే టాకీస్ వాళ్ల బసంత్ వచ్చింది. బాగా ఆడిన సినిమా అది. తర్వాత మధుబాలగా వెలిగిన చిన్నారి తెర మీద కనిపించిందీ అందులోనే. పారుల్ పాటలు పాడారు. టైటిల్స్‌లో పేరు పన్నాలాల్‌దే అయినా, వేరే సంస్థతో ఒప్పందంలో ఉన్న అనిల్ బిశ్వాస్ చేయి ఆ బాణీల్లో ఉందని సినిమా చరిత్ర తెలిసినవాళ్లు చెబుతుంటారు. బావా బావమరుదుల మధ్య ఏ స్వరం ఎవరిదో విడదీయడం కష్టం కూడా.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. సంగీత దర్శకుడిగా పన్నాలాల్ అగ్రస్థానానికి చేరలేదు. ఆయన సినిమాల జాబితా పెద్దదేమీ కాదు. అదే కాలంలో వచ్చిన వేరే పేర్లను జనం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. సినిమా పాట ఎలా ఉంటుంది? మూడు నాలుగు నిమిషాల్లో అయిపోవాలి, గ్రామఫోన్ పళ్లెం ఒక పక్కకు సరిపోవాలి. రాగాన్ని గంటసేపు విప్పాలనుకునే మనిషికి ఆ కొలత ఇరుకే. జీతం ఒకవైపు, మనసు ఇంకోవైపు లాగడం ఆయనకూ తప్పలేదు.

కానీ ఆ ఇరుకులోనూ ఆయన వేణువు ఎంత పలికిందో వినాలంటే 1956 నాటి బసంత్ బహార్ సినిమా వినండి. శంకర్ జైకిషన్ సంగీతం. అందులో లతా మంగేష్కర్ పాడిన ఒక పాటలో గొంతు వెంట నడిచే వేణువు పన్నాలాల్‌ది. సొంత సినిమా కాదు, టైటిల్ కార్డులో పెద్ద అక్షరాలు లేవు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పాట గురించి మాట్లాడేవాళ్లు వేణువు సంగతి ఎత్తకుండా ఉండరు. అంతకుముందు 1952లో వచ్చిన ఆంధియా సినిమా నేపథ్య సంగీతంలో అలీ అక్బర్ ఖాన్, రవిశంకర్‌లతో కలిసి పనిచేశారు. ముగ్గురూ మైహర్ గురువు శిష్యులే.

గోడలకు గుడ్డ తొడిగిన గది

1956లో పన్నాలాల్ బొంబాయి సినిమాను వదిలి ఢిల్లీ ఆకాశవాణిలో చేరారు. అక్కడి జాతీయ వాద్యబృందానికి, అంటే వాద్యవృందకు, సంచాలకుడిగా. అంతకుముందు ఆ పని చూసినవారు రవిశంకర్. వయసు 45. బొంబాయి మెరుపులు వదిలి ప్రభుత్వ కొలువులోకి రావడం కొందరికి వింతగా అనిపించి ఉండొచ్చు. మీకు మాత్రం ఆ ఆకర్షణ ఏమిటో విడమరిచి చెప్పాల్సిన పనిలేదు!

రేడియో స్టూడియో కూడా విచిత్రమైన చోటే. ప్రతిధ్వని రాకుండా గోడలకు మెత్తటి కప్పు ఉంటుంది. ఎదురుగా జనం ఉండరు. చప్పట్లు ఉండవు, తల ఊపేవాళ్లు ఉండరు. ఎర్ర దీపం వెలిగితే మొదలుపెట్టాలి, గడియారం చూసుకుని ముగించాలి. నది గాలిలో పుట్టిన వాయిద్యానికి ఇంతకంటే పరాయి గది ఉండదు. కానీ ఆ గదిలో ఊదిన స్వరం ఒకేసారి వేల ఇళ్లలో, హోటళ్లలో, కిళ్లీ కొట్ల దగ్గర వినపడేది. టికెట్టు కొనలేని మనిషి కూడా యమన్, మార్వా, దర్బారీ వేణువు మీద విన్నాడు. శాస్త్రీయ సంగీతం రాజమందిరాల్లోంచి వీధిలోకి రావడంలో రేడియోది పెద్ద చేయి. వేణువుకైతే మరీను, ఎందుకంటే దానికి రాజమందిరంలో చోటు ఎప్పుడూ లేదు.

వాద్యవృందలో ఉత్తరాది, దక్షిణాది వాయిద్యాలు ఒకేచోట కూర్చునేవి. వాటికోసం ఆయన కళింగ విజయ్ లాంటి రచనలు చేశారు. మూకీ హాల్లో నేర్చుకున్న పాఠం, పక్క వాయిద్యానికి దారి వదలడం, పాతికేళ్ల తర్వాత ఇక్కడ అక్కరకొచ్చింది. దీపావళి, నూపుర ధ్వని, చంద్రమౌళి లాంటి కొత్త రాగాలూ ఆయన కల్పించినవే.

1960 ఏప్రిల్ 20న ఢిల్లీలో గుండెపోటుతో పన్నాలాల్ కన్నుమూశారు. అప్పటికి 49 కూడా నిండలేదు. ఇంకో ఇరవై ఏళ్లు ఉంటే క్యాసెట్ల కాలం చూసేవారు. అయినా చేయాల్సిన పని చేసేశారు. అల్లుడు దేవేంద్ర ముర్డేశ్వర్‌తో పాటు శిష్యులు ఆ బాణీని కొనసాగించారు. తమ్ముడు నిఖిల్ ఘోష్ తబలా విద్వాంసుడిగా పేరు తెచ్చుకున్నారు. ఇవాళ హిందుస్థానీ వేణువు నేర్చుకోవడానికి వెళితే గురువు మీ చేతికిచ్చే పొడవాటి వెదురు ఆయన వేసిన దారిలోనిదే. అది ఎప్పటినుంచో అలాగే ఉందని అనుకుంటాం. ఒకప్పుడు అది ఎవరి దగ్గరా లేదు.

మీరు తీసుకోవాల్సింది ఏమిటి?

పన్నాలాల్ లాగా అందరూ విద్వాంసులు కాలేరు. కష్టపడితే చాలు, అన్నీ అవే వస్తాయని చెప్పడమూ అబద్ధమే. ఆయనకు ఇంట్లో సంగీతం తెలిసిన తండ్రి ఉన్నారు, అండగా నిలిచిన బంధువులున్నారు. కానీ ఆయన నడిచిన తీరులో ఎవరైనా పాటించగలిగినవి కొన్ని ఉన్నాయి.

* పొట్టకూటి విద్య, ప్రాణమైన విద్య వేరు వేరు కావొచ్చు. మొదటిది దొరికిందని రెండోదాన్ని వదలొద్దు. రోజుకు గంట చాలు, కానీ రోజూ ఉండాలి.

* పాత ఉద్యోగాన్ని మింగిన యంత్రమే కొత్తది ఎక్కడ పెడుతోందో చూడండి. మూకీ హాలు మూతపడితే ఆయన మైకు దగ్గరకు వెళ్లారు. వాయించడంతో పాటు రికార్డింగ్, ఎడిటింగ్ కూడా నేర్చుకుంటే మీకు రెండు దారులు తెరుచుకుంటాయి.

* పని కుదరనప్పుడు తప్పు మీదా, పరికరానిదా అని ఒకసారి పరీక్షించండి. పరికరానిదైతే మార్చండి. చేసిపెట్టేవాడి హోదా చూడకండి.

* మీ సబ్జెక్టు గురువు దొరక్కపోతే పక్క సబ్జెక్టు గురువు దగ్గరైనా కూర్చోండి.

వేణువో, ఇంకో వాయిద్యమో వాయించేవాళ్లకు ఇంకాస్త. పట్నంలో చోటు ఎంచుకునేటప్పుడు ముందు చప్పట్లు కొట్టి చూడండి. మెట్ల గదిలో, సెల్లార్‌లో ప్రతిధ్వని చాలాసేపు నిలుస్తుంది. అక్కడ మెల్లని ఆలాపన అందంగా ఉంటుంది, వేగంగా వాయిస్తే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి గందరగోళం అవుతుంది. మైకును ఊదే రంధ్రానికి సూటిగా కాకుండా కాస్త పక్కకు, పైకి పెట్టండి, గాలి చప్పుడు తగ్గుతుంది. ట్రాఫిక్ లేని తెల్లవారుజాము మంచి సమయం. మెట్రో స్టేషన్లు, చారిత్రక కట్టడాల్లో అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు. అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్‌కు, పక్కింటివాళ్లకు ముందే చెప్పండి.

దారులు అసలే లేవనుకోకండి. ఆకాశవాణి సంగీత ఆడిషన్లు నిర్వహించి బి, బి-హై, ఎ, టాప్ గ్రేడులు ఇస్తుంది. మన విజయవాడ, హైదరాబాద్ కేంద్రాల్లో నిలయ విద్వాంసులుగా పనిచేసి పేరు తెచ్చుకున్నవాళ్లను మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు స్కాలర్‌షిప్ పథకం నడుపుతోంది. ప్రకటనలు వచ్చినప్పుడు అర్హతలు, గడువు సరిచూసుకుని దరఖాస్తు చేయండి.

ఈసారి నోటిఫికేషన్‌లో మీ విద్యకు కాలమ్ కనిపించకపోతే దరఖాస్తు వేరే పోస్టుకు పెట్టండి, తప్పులేదు. పరీక్షకూ చదవండి. కానీ సాయంత్రం మాత్రం మీ వేణువు తీయండి. కలకత్తాలో కోచ్ ఉద్యోగం చేసుకున్న ఆ బాక్సర్ కూడా తన వేణువును మూలన పెట్టలేదు.